మన ఆడవాళ్ళకి ఓటు పోరాటం లేకుండానే వచ్చిందా? (పాప ఉపన్యాసం కోసం అడుగుతున్నా)

స్వాతి_కృష్ణలంక:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వచ్చే శుక్రవారం స్కూల్లో వక్తృత్వ పోటీ ఉంది, అంశం “మహిళలు – ఓటు హక్కు”. ఐదు నిమిషాలు మాట్లాడాలి. నేనే రాసిపెడదామని కూర్చున్నాను. ఇంతలో మా బావగారు వచ్చి మొత్తం చెడగొట్టారు.

ఆయన మాట ఇది: “ఇంగ్లండులో ఆడవాళ్ళు కిటికీ అద్దాలు పగలగొట్టారు, జైలుకెళ్ళారు, తిండి మానేశారు. అలా తెచ్చుకున్నారు ఓటు. మనవాళ్ళకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాజ్యాంగం ఇచ్చేసింది. ఇందులో పోరాటం ఎక్కడుందమ్మా, పిల్ల చేత అబద్ధాలు చెప్పించకు.”

నాకు జవాబు దొరకలేదు. పోనీ నెట్‌లో వెతుకుదామంటే ఒకచోట 1921 అని ఉంది, ఇంకోచోట 1935, మరోచోట 1950. ఏది రాయాలి? తెలుగువాళ్ళ ప్రస్తావన ఏదైనా ఉంటే పాపకి చెప్పుకోవడానికి బాగుంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రవి_చూలైమేడు:

1950 రాయండి, మార్కులు పోవు. ఆర్టికల్ 326, ఇరవై ఒక్కేళ్ళు నిండిన అందరికీ ఓటు. పద్దెనిమిదికి తగ్గించింది తర్వాత, 61వ సవరణతో. మీ బావగారి మాటలో సగం నిజం ఉందండీ. స్విట్జర్లాండ్ ఆడవాళ్ళకి జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో. మనం వాళ్ళకంటే ముందు. ఆ విషయంలో గర్వపడొచ్చు, పోరాటం పెద్దగా లేకపోతే ఏం?

రిటైర్డ్_టీచర్_అమలాపురం:

స్వాతమ్మా, నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ “అరటిపండు” మాట స్టాఫ్‌రూమ్‌లో కూడా విన్నాను, చెప్పినవాళ్ళందరూ మగ మాస్టార్లే. రవిగారూ, మీమీద కోపం కాదు, కానీ ఆ సగం నిజం సంగతి కూడా తేలుద్దాం.

ముందు మీ బావగారిని ఒక్కటి అడుగు. మార్గరెట్ కజిన్స్ ఎవరో తెలుసా అని. ఐర్లండ్ మనిషి. ఆయన చెప్పిన ఆ అద్దాలు పగలగొట్టి, జైలుకెళ్ళి, నిరాహారదీక్ష చేసినవాళ్ళలో ఆవిడొకరు. 1910లో లండన్ హాలోవే జైల్లో ఉంది, 1913లో ఐర్లండ్ జైల్లో ఉంది. ఆవిడే 1915లో మన దేశం వచ్చేసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మన మదనపల్లెలో ఉన్నారు, అక్కడి దివ్యజ్ఞాన సమాజం కాలేజీలో. 1919లో టాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు “జనగణమన”కి స్వరాలు రాసుకున్నదీ ఈవిడే. పాప స్కూల్లో రోజూ పొద్దున పాడే పాట కదా, ఈ ముక్క చెప్తే పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారు. అంటే ఇంగ్లండు పోరాటం, మన పోరాటం అని బావగారు రెండు గదులు కట్టారు చూడు, మధ్యలో తలుపు ఉందన్నమాట.

1917లో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. అనీబిసెంటు, కజిన్స్, డొరోతీ జినరాజదాస వీళ్ళంతా. ఆ ఏడాది డిసెంబరు 18న, భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసులో ఉన్నప్పుడు, సరోజినీనాయుడు ముందు నడవగా ఆడవాళ్ళ బృందం వెళ్ళి వినతిపత్రం ఇచ్చింది. రాబోయే సంస్కరణల్లో “ప్రజలు” అంటే అందులో స్త్రీలు కూడా ఉన్నారని గుర్తించండి అన్నదే అందులో అసలు సంగతి. ఎంత చిన్న కోరికో చూడు. దానికి వచ్చిన జవాబు? ఓటు హక్కు సంగతి తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ, ఇక్కడి సామాజిక పరిస్థితుల్లో ఆడవాళ్ళకి ఓటు ఇంకా తొందరపాటు అని తోసేసింది. అప్పుడు బొంబాయి నుంచి హీరాబాయి టాటా, కూతురు మిథాన్‌ని తీసుకుని లండన్ వెళ్ళింది. తల్లీకూతుళ్ళు అక్కడ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు, ఊరూరా సభల్లో మాట్లాడారు. సరోజిని, బిసెంటు కూడా వెళ్ళారు.

ఇంత చేస్తే బ్రిటిష్ పార్లమెంటు చేసిందేమిటంటే, మేం ఇవ్వం, కాదనం, మీ మీ ప్రావిన్సుల శాసనమండళ్ళు కావాలంటే తీర్మానం చేసుకోండి అని బంతి ఇటు తోసింది. ఆ మండళ్ళలో ఉన్నదంతా మగాళ్ళే. 1921 ఏప్రిల్ 1న మద్రాసు మండలి ఆ తీర్మానం చేసింది. బ్రిటిషు ప్రావిన్సులన్నిటిలో మద్రాసే మొదటిది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసులోనే కదా. నెట్‌లో నీకు కనపడ్డ 1921 ఇదే.

ఇక్కడ ఆగి ఒక విషయం పాపకి బాగా చెప్పమ్మా. ఆ ఓటు అందరికీ కాదు. ఇంత శిస్తు, ఇంత పన్ను కట్టేవాళ్ళకే ఓటు, మగైనా ఆడైనా. కాగితం మీద ఇద్దరూ సమానమే. కానీ పట్టా ఎవరి పేరున ఉంటుంది? కోనసీమలో ఆ రోజుల్లో ఒక ఆడమనిషి పేరున పొలం ఉందంటే పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన చెక్కైనా అయ్యుండాలి, భర్త పోయి మగపిల్లలు లేని ఇల్లైనా అయ్యుండాలి. మొగుడికి యాభై ఎకరాలున్నా పెళ్ళానికి ఓటు లేదు. కూలికెళ్ళేదానికి సరేసరి. దువ్వూరి సుబ్బమ్మగారు 1922లో సహాయనిరాకరణలో జైలుకెళ్ళింది. అలాంటివాళ్ళు సభల్లో ఉపన్యాసాలిస్తే వేలమంది వినేవారు, విన్న ఆడవాళ్ళలో ఎంతమందికి ఓటుండేదో నువ్వే ఊహించుకో.

నిలబడే హక్కు ఇంకా ఆలస్యం. 1926లో గానీ రాలేదు. ఆ ఎన్నికలోనే కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు వైపు నుంచి పోటీ చేసి కొద్ది ఓట్లతో ఓడిపోయింది. మరుసటి ఏడు డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిని మండలికి నామినేట్ చేశారు, ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. దేవదాసీ పద్ధతి మీద ఆవిడ అక్కడే కొట్లాడింది.

ఇప్పుడు 1935. ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది, పాఠాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ ఏడాది వచ్చిన చట్టంతో ఓటున్న ఆడవాళ్ళు సుమారు 60 లక్షలయ్యారు. ఎలా అయ్యారు? ఆస్తి ఉన్నవాడి భార్యకి ఓటు. వాడు పోతే వితంతువుగా ఓటు. సిపాయి పోతే అతని పింఛను తీసుకునే భార్యకో తల్లికో ఓటు. చదవడం రాయడం వస్తే ఓటు. అంటే మొగుడి ఆస్తి లెక్కలో పెళ్ళాం ఓటరు. ఇది వద్దని మొత్తుకున్నదెవరో తెలుసా? ఆడవాళ్ళే. అఖిల భారత మహిళా సభ, అడయారు సంఘం, ఇంకొన్ని కలిసి, మాకు భార్యలుగా ఓటు వద్దు, ప్రత్యేకం సీట్లూ వద్దు, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటివ్వండి అన్నాయి. కాంగ్రెసు 1931లో కరాచీలో వయోజన ఓటుకి తీర్మానం చేసింది. బ్రిటిషువాళ్ళు వినలేదు. ఉన్న ఓటు చాలదు, ఈ రకంగా వద్దు అని వచ్చిందాన్ని తోసిపుచ్చడం పోరాటం కాదా? రాళ్ళు వేస్తేనే పోరాటమా? పైగా రాళ్ళు వేసిన కజిన్స్ ఇక్కడ 1932లో మళ్ళీ జైలుకెళ్ళింది, వేలూరుకి.

రాజ్యాంగ సభలో పదిహేనుమంది ఆడవాళ్ళు కూర్చున్నారు, అందులో మన రాజమండ్రి దుర్గాబాయి ఒకరు. వాళ్ళు వచ్చి కూర్చునేటప్పటికే వయోజన ఓటు అన్నది బేరం పెట్టే విషయం కాకుండా పోయింది. ముప్పై ఏళ్ళు వెనక ఎవరో గొంతు చించుకున్నారు కాబట్టి కాకుండా పోయింది. బావగారికి కనపడ్డ అరటిపండు అదీ.

ఇంకా అయిపోలేదు. 1951 ఓటర్ల జాబితా. మొదటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్. జాబితాలు రాయడానికి ఇంటింటికీ వెళ్తే ఉత్తరాదిన చాలాచోట్ల ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. పరాయి మగాడికి పేరు చెప్పకూడదు. “ఫలానా వాడి పెళ్ళాన్ని, ఫలానా వాడి తల్లిని” అన్నారు, గుమాస్తాలు అలాగే రాసేశారు. సేన్ ఒప్పుకోలేదు. పేరు ఇస్తేనే ఓటరు, లేదంటే తీసేయండి అన్నాడు. బీహారుకి నెల గడువు పెంచారు, అక్కడ కొంతమంది పేర్లు రాయించుకున్నారు. చివరికి దేశం మొత్తం మీద సుమారు 8 కోట్లమంది ఆడ ఓటర్లలో 28 లక్షలమంది పేర్లు కొట్టేశారు. బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్‌లవే ఎక్కువ. మన వైపు ఈ గొడవ అంత లేదు.

సేన్ చేసింది న్యాయమా కాదా అని నా క్లాసులో ఏటా వాదన పెట్టేదాన్ని. మొదటి ఓటుకే 28 లక్షలమందిని బయట నిలబెట్టాడు, అది చిన్న విషయం కాదు. అయినా నేను ఆయన పక్షమే. 1935 వాళ్ళు ఫలానావారి భార్య అంటే చాలన్నారు. ఈయన చాలదన్నాడు.

మన వైపు అంత లేదన్నాను గానీ, బొత్తిగా లేదని కాదు. ఎలక్షన్ డ్యూటీలో మొదటి పోలింగ్ ఆఫీసరు ఓటరు పేరూ నంబరూ ఏజెంట్లకి వినపడేలా గట్టిగా చదవాలి. ఒకసారి లంకల్లో ఒక బూత్‌లో నేను “వీర వెంకట సత్యవతి” అని చదివితే, అదే వీధి ఏజెంటు లేచి ఈవిడెవరో మా ఊరు కాదన్నాడు. రెండు రూపాయలు కట్టి అభ్యంతరం పెడతానని జేబులో చెయ్యి కూడా పెట్టాడు. ముసలావిడ వాడికేసి చూసి “ఒరే, నేన్రా, చిట్టిబాబు అమ్మని” అంది. బూతంతా నవ్వు. పుట్టినప్పటినుంచీ ఆవిడ ఇంట్లో మజ్జిగ తాగినవాడే, పేరు తెలీదు.

1935లో భార్యగా వచ్చింది, 1950లో మనిషిగా వచ్చింది. పాప ఉపన్యాసానికి ఈ తేడా పట్టుకుంటే చాలు.

ఆలేరు_సత్తయ్య:

టీచరమ్మ మంచిగ చెప్పిన్రు. కానీ మా దిక్కు ముచ్చట రాలే. 1921లో మద్రాసోళ్ళకు వచ్చిందంటే మాకు వచ్చినట్టు కాదు. మేం నిజాం రాజ్యంల ఉంటిమి. వయసొచ్చిన ప్రతోళ్ళకు ఓటు అన్నది మా ఊళ్ళె 1952 దాక ఎవరికీ ఎరుకలేదు, ఆడోళ్ళకే కాదు మొగోళ్ళకు గూడ.

ఒక్కటి ఆలోచన చెయ్యున్రి. సరోజినీనాయుడు పుట్టింది హైద్రాబాద్‌ల. మద్రాసు పోయి మాంటేగుకు కాయితమిచ్చింది, బొంబాయిల మాట్లాడింది, లండన్ పోయింది. ఆమె సొంతూరి ఆడోళ్ళు ఓటేసినప్పటికి ఆమెనే లేదు, 1949ల పోయింది.

మా నాయనమ్మ చెప్తుండె. 1952ల నిలవడ్డోళ్ళల్ల ఒక్కొక్కరికి ఒక్కో డబ్బ పెట్టిన్రు, డబ్బ మీద గుర్తు. కాయితం మీద ముద్ర గుద్దుడు లేదు, తెర ఎనకకు పోయి నచ్చిన డబ్బల ఏసుడే. సాయుధ పోరాటమప్పుడు దళాలకు అన్నం మోసిన ఆడోళ్ళు, పోలీసోళ్ళ దెబ్బలు తిన్నోళ్ళు లైన్ల నిలవడ్డరు. ఆ ఎన్నికల్ల మా ఆలేరు నుంచే ఆరుట్ల కమలాదేవి గెలిసింది. తుపాకి పట్టిన మనిషి అసెంబ్లీకి పోయింది. హైద్రాబాద్ పాతబస్తీ శాలిబండల మాసూమా బేగం గెలిసింది. ఓటు కోసం వినతిపత్రం ఇయ్యలే మా వాళ్ళు, నిజమే. దొర గడీ ముందట తలెత్తి నిలవడనీకె కొట్లాడిన్రు. అది లేకుంటే డబ్బ దాక దొర పోనిస్తుండెనా? పాప ఉపన్యాసంల ఒక్క ముక్కన్న మాది పెట్టున్రి.

బీఎల్‌వో_తెనాలి_దగ్గర:

నేను అంగన్‌వాడీ టీచర్ని, బీఎల్‌వో పని (మా బూత్ ఓటర్ల జాబితా చూసే పని) కూడా మాదే. చరిత్ర నాకంతగా రాదు గానీ ఇప్పటి సంగతి చెప్తా.

ఇంటింటి సర్వేకి వెళ్తే తలుపు తీసేది ఆడవాళ్ళే, జవాబు చెప్పేది లోపలినుంచి మగాళ్ళు. కొత్త కోడలు వచ్చిందా అంటే వచ్చింది అంటారు. ఓటు ఉందా అంటే “పుట్టింట్లో ఉంది, ఉండనీలే” అంటారు. ఎన్నికలరోజు ఆ అమ్మాయి చంటిబిడ్డతో బస్సెక్కి పుట్టింటికెళ్ళి ఓటేసి వస్తుందా? రాదు. ఫారం 8 ఇస్తే చాలు ఇక్కడికి మారుతుంది, ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది. ఇంటిపేరు ఇంకో తలనొప్పి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిది, ఓటరు కార్డులో అసలు ఇంటిపేరే లేదు. మగాడికి జన్మలో రాని సమస్య ఇది.

కొత్తగా నమోదు చేసుకునేవాళ్ళు ఫారం 6లో బంధువు పేరు దగ్గర తప్పనిసరిగా భర్త పేరే రాయక్కర్లేదు. తండ్రిది రాయొచ్చు, తల్లిది కూడా రాయొచ్చు. ఇది చెప్తే చాలామంది నమ్మరు. పద్దెనిమిది నిండిన ఆడపిల్లలు జనవరి దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి. పాప స్కూల్లో పెద్ద క్లాసుల పిల్లలుంటే ఇది చెప్పమనండి, మాకు కొంచెం తిరుగుడు తగ్గుద్ది.

రవి_చూలైమేడు:

టీచర్ గారూ, ఒప్పుకుంటున్నా, నాకు 1935 సంగతి తెలీదు. ఒక్క సందేహం. ఆ సంఘాలు ప్రత్యేక సీట్లు వద్దన్నాయన్నారు. మరి ఇప్పుడు మహిళా రిజర్వేషన్ కోసం ఇన్నేళ్ళు కొట్లాడారు కదా. అప్పటివాళ్ళది పొరపాటా?

రిటైర్డ్_టీచర్_అమలాపురం:

మంచి ప్రశ్న. పొరపాటని నేననను. అప్పుడు సీట్లు పంచుతున్నది మతాలవారీగా. ఆడవాళ్ళని కూడా హిందూ ఆడవాళ్ళు, ముస్లిం ఆడవాళ్ళు, క్రైస్తవ ఆడవాళ్ళు అని విడగొట్టి ప్రావిన్సుల్లో మొత్తం 41 సీట్లు పెట్టారు. వాళ్ళు దాన్ని వద్దన్నారు. ఓటు సమానంగా వస్తే గెలుపు దానంతటదే వస్తుందనీ నమ్మారు. అది మాత్రం రాలేదు. మొదటి లోక్‌సభలో ఆడవాళ్ళు పాతిక లోపే. దుర్గాబాయి అంతటి మనిషే 1952లో ఓడిపోయింది. 2024లో 543లో 74. ఓటు వెయ్యడంలో ఆడవాళ్ళు 2019కే మగాళ్ళని దాటేశారు, అప్పుడు ఆడవాళ్ళు 67.18 శాతం, మగవాళ్ళు 67.01. వరసలో నిలబడేది వీళ్ళు, టిక్కెట్లు పంచేది వాళ్ళు. అందుకే 2023లో మహిళా రిజర్వేషన్ కోసం 106వ రాజ్యాంగ సవరణ దాకా వచ్చింది, దానికీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అని తాళం వేసే ఉంచారు.

స్వాతి_కృష్ణలంక:

అందరికీ చాలా థాంక్స్. టీచర్ గారూ, మీరు రాసింది బావగారికి చదివి వినిపించాను. మార్గరెట్ కజిన్స్ దగ్గర కాస్త తగ్గారు. తర్వాత “అయినా ఆవిడ తెల్లావిడే కదా, మనవాళ్ళు కాదుగా” అన్నారు :) ఆలేరు సత్తయ్యగారి ముక్క చదివాక ఇక మాట్లాడలేదు.

పాపకి 28 లక్షల సంగతి బాగా పట్టేసింది. ఇల్లంతా తిరిగి “నానమ్మ అసలు పేరేంటి, జేజమ్మ అసలు పేరేంటి” అని అడుగుతోంది. మా అత్తగారి అమ్మగారి పేరు ఎవరికీ తెలీదు, ఫోన్లు చేస్తున్నాం. ఒక్క డౌటు మిగిలింది. ఐదు నిమిషాల్లో ఇవన్నీ పట్టవు. ఏది తీసెయ్యమంటారు?

రిటైర్డ్_టీచర్_అమలాపురం:

లండన్ తీసెయ్. కమిటీల పేర్లు తీసెయ్, పిల్లలకి నోరు తిరగదు, వినేవాళ్ళకి నిద్రొస్తుంది. మదనపల్లె ఉంచు, 1921లో పట్టా ఎవరి పేరున ఉండేదన్నది ఉంచు, 1935లో భార్య ఓటు, 1951లో కొట్టేసిన పేర్లు, ఆలేరు కమలాదేవి, అంతే. తేదీలు మూడుకి మించనివ్వకు. మొదలుపెట్టడం “గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు” అని కాకుండా తిన్నగా విషయంలోకి దిగమను. శుక్రవారం ఏమైందో ఇక్కడ రాయి.